పండుగ గుంపులో తప్పిపోయిన బిడ్డ

ధ్యాన భాగము: లూకా సువార్త 2వ అధ్యాయము, 41 నుండి 52 వరకు



డిసెంబరు నెల వచ్చినది. డెల్టా పల్లెలలో సార్వా కోతలు ముగిసి ధాన్యము కళ్లములకు చేరుచున్నది. మెట్ట ప్రాంతములలో ప్రత్తి తీయుచున్నారు. మిరపచేలు కాయపట్టి యున్నవి. గోడలకు సున్నము పడుచున్నది. వెదురు బద్దలతో నక్షత్రములు కట్టి రంగు కాగితములు అంటించుచున్నారు. బియ్యము నానబోసి, పిండి కొట్టించి, అరిసెలకు బెల్లపు పాకము పట్టుచున్నారు. వీటన్నిటికంటె మించిన సంతోషము మరియొకటి కలదు. పిల్లలు ఇంటికి వచ్చుచున్నారు.

క్రైస్తవ పాఠశాలలలో చదువు పిల్లలకు క్రిస్మస్‌కు సెలవులు దొరకును. తక్కిన పాఠశాలల పిల్లలకు సంక్రాంతికి దొరకును. కొన్ని ఇండ్లలో అన్న డిసెంబరులో వచ్చి వెళ్లిపోవును, చెల్లెలు జనవరిలో వచ్చును. ఏది యెట్లున్నను ఈ నెలన్నర దినములలో మన ఇండ్లు పిల్లలతో నిండును. హాస్టలులో ఉండు బిడ్డ పెట్టె చేతపట్టుకొని బస్సు దిగును. తల్లి వీధి చివరి వరకు ఎదురు వెళ్లును. తాత కన్నులమీద చెయ్యి అడ్డము పెట్టుకొని చూచును. ఇది దేవుడిచ్చిన వరము. దీనినిగూర్చి ఆయనను స్తుతించుదము.

అయితే ఈ నెల ధ్యానమునకు ఎన్నుకొన్న భాగము పిల్లవాడు ఇంటికి వచ్చిన కథ కాదు. పండుగలో పిల్లవాడు తప్పిపోయిన కథ.

యేసు ప్రభువునకు పండ్రెండేండ్లు. ఆయన తలిదండ్రులు ఏటేట వెళ్లు అలవాటు చొప్పున పస్కా పండుగకు యెరూషలేమునకు వెళ్లిరి. నజరేతునుండి యెరూషలేము 100 కిలోమీటర్లకు పైబడిన దూరము. కాలినడకను పోవువారికి అది కొన్ని దినముల ప్రయాణము. దొంగల భయమునుబట్టి ఊరివారు, బంధువులు గుంపులుగా నడిచెడివారు. మన పెద్దలు బండ్లు కట్టుకొని దూరపు సభలకు వెళ్లినట్లే యనుకొనుడి. పస్కా వసంతకాలపు పండుగ, మనది చలికాలపు పండుగ. అయినను పండుగ సందడి ఎక్కడనైనను ఒక్కటే. దినములు గడిచినవి, మూటలు కట్టుకొన్నారు, ఇంటిదారి పట్టినారు. బాలుడు యెరూషలేములో నిలిచిపోయెను. తలిదండ్రులకు తెలియలేదు. ఒక దినమెల్ల నడిచిరి. చీకటి పడువేళ బంధువుల యొద్దను నెళవైనవారి యొద్దను వెదకగా బిడ్డ కనబడలేదు.

వారెట్లు నడిచిరి? లూకా ఒక చిన్న మాటతో కారణము చెప్పుచున్నాడు. బిడ్డ గుంపులో ఉన్నాడని వారు తలంచిరి. అంతే. వారు దుర్మార్గులు కారు. త్రాగుబోతులు కారు. బిడ్డను ద్వేషించినవారు కారు. ఈ మరియ ప్రభువునకు దాసురాలు. ఈ యోసేపు నీతిమంతుడు. వారు చెడుదారిలో బిడ్డను పోగొట్టుకొనలేదు, దేవుని ఆరాధించి తిరిగి వచ్చు దారిలో పోగొట్టుకొనిరి. ప్రియులారా, ఈ మాట మనము నిలిచి వినదగినది. భక్తిగల ఇంటిలోను, పండుగ దినములలోను, గుడికి వెళ్లివచ్చు బాటలోను బిడ్డ తప్పిపోవచ్చును. ఎవరును చూడకపోవచ్చును. ఏలయనగా ఒకరు, వాడు మరియొకరితో ఉన్నాడని తలంచుచున్నారు.

1. గుంపులో ఉన్నాడనుకొనుట

ఒక ఇంటిని మనస్సున తలంచుకొందము. ఆ ఇల్లు మన ఊరిలోనిదే కానక్కరలేదు, పొరుగూరిదని అనుకొనినను సరే.

తండ్రి కౌలు రైతు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరము దాటినప్పుడు అతని కుప్పలు తడిసి గింజలు మొలకలెత్తినవి. నాటినుండి డిసెంబరు వచ్చిన చాలును, అతని కన్ను మేఘముమీదనే యుండును. కోత యంత్రము దొరకునో దొరకదో, సంచులు సరిపోవునో లేదో, షావుకారు ఏ ధర చెప్పునో అని రాత్రి పగలు అదే తలంపు. తల్లికి ఇంటినిండ పని. ఆడబిడ్డలు వచ్చెదరు, వారి పిల్లలు వచ్చెదరు. గోడలు అలుకవలెను, పిండివంటలు చేయవలెను, స్త్రీల సమాజము వారితో కలిసి గుడి అలంకరింపవలెను. ఈ ఇంటి కుమారుడు పట్నములో హాస్టలునందుండి 8వ తరగతి చదువుచున్నాడు. డిసెంబరు 22వ తేదీ సాయంకాలము వాడు బస్సు దిగెను.

అందరు సంతోషించిరి. చిక్కిపోయినాడని అవ్వ కన్నీరు తుడుచుకొనెను. కొత్త చొక్కా తెచ్చి తొడిగి చూచిరి. క్రిస్మస్ నాటకములో తూర్పుదేశపు జ్ఞానులలో ఒకని వేషము వానికిచ్చిరి. తలకు బంగారు రంగు కాగితపు కిరీటము పెట్టుకొని చేత పెట్టె పట్టుకొని నడిచి వచ్చినప్పుడు గుడి నిండ చప్పట్లు మ్రోగినవి. తండ్రి తన ప్రక్కవానితో ఆ పిల్లవాడు నా కుమారుడే అని చెప్పెను.

అయితే వాని మనస్సులో ఒక మాట యున్నది. హాస్టలులో రాత్రివేళ పెద్ద పిల్లలు వానిని కొట్టుచున్నారు. ఇంటినుండి పంపిన డబ్బు లాగుకొనుచున్నారు. వాడు నిద్రపోవుటకు భయపడుచున్నాడు. ఈ సంగతి చెప్పవలెనని రెండుమారులు పొయ్యి దగ్గర నిలువబడి, “అమ్మా” అనెను. “ఉండరా నాయనా, పాకము ముదిరిపోవును, ఆ పళ్లెము ఇటు అందించు, తరువాత చెప్పుదువు గాని,” అని తల్లి అనెను. ఆమె కఠినురాలు కాదు. పాకము నిజముగానే ముదిరిపోవుచున్నది. తండ్రితో చెప్పవలెనని కళ్లమునకు వెళ్లెను. అక్కడ కూలీలు, సంచులు, కాటా, కేకలు. సెలవులు అయిపోయిన ఉదయమున కడుపు నొప్పిగా నున్నదని చెప్పెను. పండుగకు ఎక్కువ తింటివి, బస్సు ఎక్కిన తరువాత తగ్గునని చెప్పి పెట్టె ఎక్కించిరి. బస్సు కదిలెను.

ఆ బిడ్డ పది దినములు ఇంటిలోనే యుండెను. భోజనపు పంక్తిలో ఉండెను, కేరల్ పాటల గుంపులో ఉండెను, ఆరాధనలో మొదటి వరుసలో ఉండెను. అయినను వాడు తప్పిపోయిన బిడ్డ. వాడు గుంపులో ఉన్నాడని అందరు తలంచిరి.

వేరొక ఇంటిని చూడుడి. పదవ తరగతి చదువు అమ్మాయి. మార్చి నెలలో పరీక్షలు. పండుగకు బంధువులందరు చేరినారు. చాప పరచి పెద్దలు మాటలాడుచున్నారు. మేనమామ కుమారుడున్నాడు, సంబంధము బయటికి పోనేల, వేసవిలో ముహూర్తము పెట్టుకొందమని ఒకరనిరి. ఔనని మరియొకరనిరి. ఆ పిల్ల అక్కడనే యున్నది. పెరటిలో పళ్లెములు తోముచున్నది. మాటలన్నియు ఆమె చెవిన పడుచున్నవి. ఆమెను ఎవరును అడుగలేదు. 18 ఏండ్లు నిండని ఆడపిల్లకు వివాహము చేయుట 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము నేరము. చట్టము మాట అటుంచుడి, ఆ బిడ్డ దేవుని స్వరూపమందు చేయబడినది. దేవుడు ఆమెను దేనికొరకు పుట్టించెనో పండుగ చాపమీద కూర్చున్న పెద్దలు ఆయనను అడిగిరా?

ఇంకొక ఇంటిలో తల్లియే లేదు. గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు అనేకులైన తల్లులు ఇంటిపనుల నిమిత్తము కువైట్ మొదలగు దేశములకు వెళ్లియున్నారు. క్రిస్మస్‌నాడు సెల్‌ఫోనులో తల్లి ముఖము కనబడును. “మంచిగా ఉన్నావా?” అని ఆమె అడుగును. “ఉన్నానమ్మా,” అని బిడ్డ చెప్పును. చుట్టును పదిమంది నిలువబడి యుండగా వేరొక మాట యెట్లు చెప్పును? ఆ ఫోను అవ్వకు చేరును, పిన్నికి చేరును, తరువాత కట్టివేయబడును. తల్లి పంపిన గౌను వేసికొని ఆ చిన్నది గడపమీద కూర్చుండును.

సంఘములో పెద్దలమైన మనమును ఈ తప్పిదమునకు వేరుగా లేము. సండేస్కూలు పట్టికలో పేరున్నది గనుక బిడ్డ క్షేమముగా ఉన్నాడని తలంచెదము. వాక్యములు కంఠస్థము చేసి బహుమానము పుచ్చుకొనెను గనుక వాని ఆత్మ వర్ధిల్లుచున్నదని తలంచెదము. తలిదండ్రులు చూచుకొందురని ఉపదేశకుడును, ఉపదేశకుడు చూచుకొనునని తలిదండ్రులును, ఇద్దరును చూచుకొందురని సంఘపెద్దలును అనుకొందురు. ఆ విధముగానే యోసేపు గుంపు ఒక దినమెల్ల నడిచెను.

2. వెనుకకు తిరిగి వెదకుట

బిడ్డ లేడని తెలిసినప్పుడు మరియ యోసేపులు ఏమి చేసిరి? ఎవరిదీ తప్పు అని దారిలో తగవులాడినట్లు వ్రాయబడలేదు. పండుగ మూటలు, తోడి ప్రయాణికులు, ఇంటియొద్ద నిలిచిన వడ్రంగి పని, వీటినన్నిటిని విడిచి వెనుకకు తిరిగిరి. గుంపు ముందుకు పోవుచున్నది, వారిద్దరు గుంపునకు ఎదురుగా నడిచిరి. మూడు దినములైన తరువాత దేవాలయములో ఆయనను కనుగొనిరి.

పాత నిబంధన చివరి పుస్తకమైన మలాకీని తెరచి దాని కడవరి మాటలు చదువుడి. దేవుడు తన ప్రవక్తను పంపి తండ్రుల హృదయములను పిల్లల వైపునకును, పిల్లల హృదయములను తండ్రుల వైపునకును మరలించునని అక్కడ వాగ్దానమున్నది. పిమ్మట లూకా సువార్త మొదటి అధ్యాయమునకు రండి. క్రిస్మస్ కథ ఆరంభములోనే దేవదూత జెకర్యాతో ఆ మాటనే మరల చెప్పుచున్నాడు. రాజు రాకకు మార్గము సిద్ధపరచుటలో తండ్రుల మనస్సు బిడ్డలవైపు తిరుగుట ఒక భాగము. మనము గుడికి రంగులు వేసి, తోరణములు కట్టి ప్రభువు రాకకు సిద్ధపడితిమని చెప్పుకొందుము. దేవుడు అడిగిన సిద్ధపాటులో ఇదియు కలదు గదా!

వెనుకకు తిరుగుట యనగా నేటి దినములలో ఏమి? పెద్ద సంగతులు చెప్పను. బిడ్డ వచ్చిన మూడు దినములలోపల ఒక సాయంకాలము వానికొరకు తీసిపెట్టుడి. పొయ్యి ఆర్పుడి. సెల్‌ఫోను గూటిలో పెట్టుడి, మీదియు వానిదియు రెండును. పదిమందిలో అడుగకుడి. పొలము గట్టు మీదుగా నడుచుచు అడుగుడి, లేదా వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చిక్కుడుకాయలు ఒలుచుచు అడుగుడి. పని చేయు చేతుల ప్రక్కన పిల్లల నోరు తెరువబడును. మార్కులెన్ని అని మొదట అడుగకుడి. నీ స్నేహితుడెవరు, రాత్రివేళ ఎక్కడ పండుకొందువు, నీకు భయము పుట్టించునది ఏదైన ఉన్నదా అని అడుగుడి. అడిగిన తరువాత ఊరకుండుడి. ఊరకుండుటయే మనకు కష్టము.

దేవాలయములో బాలుడైన యేసు ఏమి చేయుచుండెనో గమనించుడి. పెద్దల మాట ఆలకించుచు, వారిని ప్రశ్నలడుగుచు ఉండెను. బోధకులు ఆయనను చిన్నవాడవని అవతలికి పంపలేదు. ప్రశ్నలడుగుట అవిధేయత కాదు. నిర్గమకాండము 12వ అధ్యాయము చూడుడి. పస్కాను నియమించినప్పుడే, మీ పిల్లలు ఇదేమి ఆచారమని అడిగెదరు, అప్పుడు మీరు వారికి ఇట్లు చెప్పవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. పండుగకు ప్రశ్నయే వాకిలి. నక్షత్రము ఎందుకు కట్టితిమని బిడ్డ అడిగినప్పుడు అందరు కట్టుచున్నారు గనుక అని చెప్పకుడి. దేవుడు పశువుల తొట్టిలో ఎందుకు పుట్టెను, మన పొరుగింటివారు సంక్రాంతి చేసికొందురు గదా మనమెందుకు వేరు, ప్రార్థన చేసితిని గాని నాయనమ్మ ఎందుకు చనిపోయెను, అని అడుగుదురు. తెలిసినది చెప్పుడి. తెలియనిదానికి తెలియదని చెప్పి ఆ మాటను కలిసి ప్రార్థనలో పెట్టుడి.

మరియ మాటలోను మనకు పాఠమున్నది. కనబడిన బిడ్డను ఆమె అందరియెదుట కొట్టలేదు. నీవు ఎందుకిట్లు చేసితివని అడిగెను. నీ తండ్రియు నేనును ఎంతో వేదనతో వెదకితిమని తన నొప్పి చెప్పెను. బిడ్డ జవాబిచ్చెను. తాను పరమ తండ్రి పనిమీద ఉండవలెనని మీరెరుగరా అనెను. యేసు పలికిన మాటలలో సువార్తలు మనకు దాచియుంచిన మొదటి మాట యిదే. అది తలిదండ్రులకు అర్థము కాలేదని లూకా దాచక వ్రాసెను. అర్థము కాకపోయినను తల్లి ఆ మాటను పారవేయలేదు, హృదయములో భద్రము చేసికొనెను. బిడ్డ చెప్పినదంతయు మనకు తెలిసి తీరవలెనని లేదు. చదువు రాని తల్లికి పట్నపు పాఠశాల సంగతులు తెలియకపోవచ్చును. వినుటయు భద్రము చేసికొనుటయు ఆమెకు తెలియును. అది చాలును, తక్కినది దేవుడు నేర్పును.

నేను మొదట చెప్పిన ఇంటిని జ్ఞాపకము తెచ్చుకొనుడి. ఆ బస్సు వెళ్లిపోయెను, అయినను కథ ముగియలేదు. ఒక దినపు దూరము నడిచిన యోసేపు వెనుకకు తిరుగగలిగెను. ఈ తండ్రియు మరుసటి బస్సు ఎక్కగలడు. ధాన్యము ఒక దినము కళ్లములో ఉండనీ. హాస్టలు వార్డెనును కలిసి, బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “నీవు పొయ్యి దగ్గర చెప్పబోయిన మాటేమిరా?” అని అడుగగలడు. అక్కడ న్యాయము జరుగనియెడల ఉపదేశకుని వెంటబెట్టుకొని వెళ్లవలెను. పిల్లలకు ఆపద కలిగినప్పుడు ఫోను చేయుటకు 1098 అను సంఖ్య కలదు. దానికి ఖర్చు లేదు. ఈ సంఖ్యను గుడి గోడమీద వ్రాయించుడి. అమ్మాయి సంబంధము మాటలాడిన పెద్దలును వెనుకకు తిరుగవచ్చును. పండుగనాడు ఇచ్చిన మాట బిడ్డ ప్రాణముకంటె పెద్దది కాదు. మాట తప్పితినని బంధువు అలిగిన ఒక యేడు అలుగును. బిడ్డ జీవితము ఒక యేటితో పోవునది కాదు.

3. నజరేతునకు దిగి వెళ్లుట

కథ దేవాలయములో ముగియలేదు. ఆయన వారితో కూడ నజరేతునకు వెళ్లి వారికి లోబడి యుండెనని వ్రాయబడినది. దేవుని కుమారుడు, బోధకులను ఆశ్చర్యపరచినవాడు, వడ్రంగి ఇంటికి వెళ్లెను. అప్పటికి పండ్రెండేండ్లు, పరిచర్య ఆరంభించునప్పటికి ఇంచుమించు ముప్పది యేండ్లు. నడుమ 18 సంవత్సరముల సంగతి ఒక్క వచనములో ముగిసినది. బుద్ధియందును దేహమందును ఎదిగెను, దేవునికిని మనుష్యులకును ఇష్టుడుగా నుండెను. పండుగ కొన్ని దినములు, నజరేతు పదునెనిమిదేండ్లు. బిడ్డలు పండుగలో పెరుగరు, పండుగ తరువాత వచ్చు మామూలు దినములలో పెరుగుదురు.

అది గొప్పవారి ఇల్లు కాదు. శిశువును ప్రతిష్ఠింప తెచ్చిననాడు వారు అర్పించినది రెండు పక్షులు. గొఱ్ఱెపిల్లను తేలేని బీదలకు ధర్మశాస్త్రము అనుగ్రహించిన అర్పణ అది. కాబట్టి క్రొత్త బట్టలకొరకు నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పుచేయు సహోదరుడా, ఆగుము. ఉతికిన చొక్కాతో గుడికి వచ్చిన బిడ్డను ప్రభువు త్రోసివేయడు. ఆ అప్పు తీర్చుటకు బిడ్డనే పనికి పంపవలసి వచ్చిన యెడల ఆ చొక్కా ఎంత ఖరీదైనదో చూడుడి.

ఇది ఊరక చెప్పుట కాదు. జనవరి వెళ్లగానే మిరప కోతలు ముమ్మరమగును. కుటుంబములు పిల్లలతో కూడ ఊళ్లు విడిచి కోతకు పోవును. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ నాలుగు దినములు సాయము చేయునని మొదలుపెట్టి తిరిగి బడికి పోని ఇండ్లు మన సంఘములలో ఉన్నవి. 6 మొదలు 14 ఏండ్ల వరకు ప్రతి బిడ్డకును ఉచితముగా చదువు చెప్పవలెనను చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. తండ్రి చేతిపని బిడ్డ నేర్చుకొనుట మంచిదే. యేసు ప్రభువును వడ్రంగి పని నేర్చుకొనెను. గేదెకు మేత వేయుట, తోటకు నీరు కట్టుట, చెల్లెలికి జడ వేయుట, ఇవి బిడ్డను పెంచు పనులు. బడిని మ్రింగు పని బిడ్డను పెంచునది కాదు. కాబట్టి ఏ దినము బస్సు ఎక్కింపవలెనో ఆ దినము ఇప్పుడే గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుడి.

మనుష్యులకు ఇష్టుడగుట యను మాటను మరువకుడి. క్రిస్మస్‌నాడు మన అరిసెల పళ్లెము పొరుగింటికి పిల్లల చేతనే పంపుడి. సంక్రాంతికి వారింటినుండి పళ్లెము తిరిగి వచ్చునప్పుడు మర్యాదతో మాటలాడుట పిల్లలకు నేర్పుడి. తన విశ్వాసమును ఎరిగిన బిడ్డ పొరుగువానిని ఎగతాళి చేయనక్కరలేదు.

ఇక కుటుంబ ప్రార్థన. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుడు తన మాటలను ఇంట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును పిల్లలతో చెప్పుమనెను. గుడిలో మాత్రమే చెప్పుమనలేదు. మా ఇంట నలుగురమే, మాకు పాడుట రాదు, చదువు రాదు అని చెప్పువారు కలరు. వారితో ఒక సంగతి చెప్పుదును. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీన తెల్లవారుజామున ఒంగోలు కొండమీదికి కొద్దిమంది ఎక్కిరి. మిషనరీయైన లైమన్ జూవెట్, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగు విశ్వాసులు. మొత్తము ఐదుగురే. క్రింద ఉన్న ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జవాబు మరునాడు రాలేదు. పండ్రెండు సంవత్సరములకు, 1866లో, జాన్ క్లౌ అక్కడికి వచ్చి స్థిరపడెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటియొద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఐదుగురి నూతన సంవత్సరపు ప్రార్థన అంత దూరము వెళ్లెను. మీ ఇంటి నలుగురి ప్రార్థన ఎంతదూరము వెళ్లునో ఎవరెరుగుదురు?

కనుక జనవరి 1వ తేదీన, రాత్రి ఆరాధన ముగించుకొని వచ్చి పండుకొనుటకు ముందు, లేక తెల్లవారి లేచినప్పుడు, మీ బిడ్డలను దగ్గర చేర్చుకొనుడి. ఒక్కొక్కరి తలమీద చెయ్యి వేసి పేరుపెట్టి ప్రార్థించుడి. గుంపుగా కాదు, ఒక్కొక్కరిని. తల్లి దేశాంతరమందున్న బిడ్డ మీ వీధిలో ఉన్నయెడల ఆ బిడ్డనుకూడ పిలువుడి. సంఘము ఇల్లు లేనివారికి ఇల్లు గదా.

ప్రియులారా, ఈ సెలవులు త్వరగా గడిచిపోవును. కాగితపు నక్షత్రము మంచుకు తడిసి వెలిసిపోవును. అరిసెల డబ్బా ఖాళీయగును. బస్సు వచ్చును, పెట్టె ఎక్కును, చేయి ఊపెదరు. ఆ వేళ మీ మనస్సు మిమ్మును ఒక ప్రశ్న అడుగనీయుడి: నా బిడ్డ ఈ దినములలో గుంపులో ఉండెనా, నాతో ఉండెనా? గుంపులోనే యుండెనని తోచినయెడల నిరాశపడకుడి. తొంబదితొమ్మిదింటిని విడిచి ఒక్కదానిని వెదకబోయిన కాపరి మన కాపరి. ఆయన మనకంటె ముందుగా వెదకుచున్నాడు, మనలను తోడు రమ్మని పిలుచుచున్నాడు.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, నీ కుమారుని ఒక పల్లెటూరి ఇంటిలో పెరుగనిచ్చిన దేవా, మా పిల్లలకొరకు నీకు స్తోత్రము. పండుగ పనులలో వారిని చూడక నడిచిన మా నడకను క్షమించుము. వెనుకకు తిరుగుటకు బలమిమ్ము. అడుగుటకు నోరును, వినుటకు చెవులను, వారి మాటలను దాచుకొనుటకు హృదయమును దయచేయుము. దూరమున నున్న తలిదండ్రులను, హాస్టలులలో నున్న బిడ్డలను, భయముతో పండుకొను చిన్నవారిని నీ రెక్కల చాటున దాచుము. వారు బుద్ధిలో ఎదిగి నీకును మనుష్యులకును ఇష్టులగునట్లు చేయుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.